కొత్త ప్యాడ్లు, డిస్కులు వేశాక బ్రేకు పట్టేస్తుంటే కారణాన్ని కనిపెట్టడం ఎలా?

కారుకు కొత్త ప్యాడ్లు, కొత్త డిస్కులు వేసిన తర్వాత పెడల్ మీద నుంచి కాలు తీసినా బ్రేకు పూర్తిగా వదలకపోతే, చాలామంది ప్యాడ్లను డిస్కుకు అదిమే కాలిపర్ చెడిపోయిందనుకుని ముందు దాన్నే మార్చేస్తారు. అది ఖరీదైన ఊహ. నిన్నటిదాకా సరిగ్గా ఉన్న బ్రేకు ప్యాడ్లు మార్చాకే పట్టేయడం మొదలుపెట్టిందంటే, ఆ పనిలో చెయ్యి పడిన చోట్లనే ముందుగా అనుమానించాలి. ఏ భాగాన్నయినా విప్పే ముందు ఒక్క సంగతి తేల్చుకోవాలి: కాలు తీసిన తర్వాత కూడా బ్రేక్ ఆయిల్‌లో ఒత్తిడి మిగిలిపోవడం వల్ల చక్రం బిగుస్తోందా, లేక ఒత్తిడి పూర్తిగా పోయినా ప్యాడో పిన్నో పిస్టనో ఎక్కడో ఇరుక్కుని వెనక్కి రాలేకపోతోందా? ఈ రెండు జబ్బులకూ మందు వేరు. ఇది తేలకుండా సామాను మార్చుకుంటూ పోతే డబ్బు ఖర్చవుతుంది తప్ప చక్రం వదలదు.

ఇక్కడ చెప్పేదంతా మన రోడ్ల మీద తిరిగే చిన్న, మధ్యస్థాయి కార్లలో చాలావాటికి ముందు చక్రాల దగ్గర ఉండే ఒంటి పిస్టన్ కాలిపర్ గురించి. ఇందులో పిస్టన్ లోపలి ప్యాడును డిస్కు మీదికి నెడుతుంది; ఆ తోపుకు కాలిపర్ మొత్తం రెండు స్లైడ్ పిన్నుల మీద లోపలి వైపుకు జరిగి, బయటి ప్యాడును కూడా డిస్కుకు అదుముతుంది. డ్రమ్ము బ్రేకులో షూలను వెనక్కి లాగడానికి గట్టి స్ప్రింగులుంటాయి. డిస్కు బ్రేకులో ఆ పనిలో ఎక్కువ భాగం పిస్టన్ చుట్టూ ఉండే చదరపు అంచు రబ్బరు సీలే చేస్తుంది. బ్రేకు వేసినప్పుడు ఆ సీలు కొద్దిగా మెలిపడి, వదిలినప్పుడు మళ్లీ తన ఆకారానికి వస్తూ పిస్టన్‌ను తనతోపాటు వెనక్కి తెస్తుంది. అది తెచ్చే దూరం మిల్లీమీటరులో చిన్న వంతు మాత్రమే కాబట్టి, ప్యాడు కొస తుప్పులో కాస్త బిగుసుకున్నా, పిన్ను కొంచెం బరువుగా జారినా ఆ రబ్బరు బలం చాలదు. వెతకవలసినవన్నీ ఈ ఒక్క విషయం చుట్టూనే ఉంటాయి.

పని మొదలుపెట్టే ముందు

బండిని చదునైన గట్టి నేల మీద నిలిపి, పైకి లేపని చక్రాలకు ముందూ వెనకా దిమ్మెలు పెట్టండి. జాకీతో లేపిన బండిని తప్పనిసరిగా స్టాండ్ల మీద దించిన తర్వాతే చక్రం విప్పాలి. జాకీని మాత్రమే నమ్ముకుని పని చేయకూడదు. స్టాండ్లు లేకపోతే ఈ పనిని గ్యారేజీకి అప్పగించడమే మేలు. చక్రం విప్పే పానా, కాలిపర్ బోల్టులకు సరిపోయే పానాలు, సి క్లాంపు, తీగ బ్రష్షు, సన్నని ఆకురాయి, బ్రేక్ క్లీనర్, బ్రేకుల కోసమే తయారైన సిలికాన్ గ్రీజు, కాలిపర్ నుంచి ఆయిల్ బయటికి వదిలే నిపుల్‌కు తొడిగే పారదర్శకమైన గొట్టం, ఒక సీసా, కళ్లద్దాలు దగ్గర పెట్టుకోండి. బ్రేకు దుమ్మును నోటితో గాని, కంప్రెసర్ గాలితో గాని ఊదవద్దు, తడిపి తుడిచేయండి.

ఎంత రాపిడి మామూలో ముందు తెలుసుకోండి

డిస్కు బ్రేకుల్లో ప్యాడ్లు డిస్కును అతి తేలికగా తాకుతూ ఉండడం సహజం. పైకి లేపిన ముందు చక్రాన్ని న్యూట్రల్‌లో చేత్తో తిప్పితే సన్నని రాపిడి శబ్దం వినిపించవచ్చు, పైగా ముందు చక్రాలతో నడిచే కారులో యాక్సిల్, గేరు బాక్సు బరువు కూడా చేతికి తెలుస్తుంది. అందువల్ల సైకిలు చక్రం తిరిగినట్టు తిరగడం లేదని కంగారు పడనవసరం లేదు. ఒక చేత్తో తిప్పగలిగితే, రెండు వైపులా దాదాపు ఒకేలా ఉంటే, అది జబ్బు కాదు. రెండు చేతులతో బలంగా తిప్పినా కదలకపోయినా, ఒక వైపు తేలికగా, మరో వైపు బరువుగా ఉన్నా, బండిని చదును రోడ్డు మీద న్యూట్రల్‌లో వదిలినప్పుడు ఎవరో వెనక్కి లాగినట్టు ఆగిపోయినా వెతకడం మొదలుపెట్టాలి.

‘ఐదు వందల కిలోమీటర్లు తిప్పితే అదే సెట్ అవుతుంది’ అనే మాట గ్యారేజీల్లో తరచుగా వినిపిస్తుంది. కొత్త ప్యాడ్ల పైపొర డిస్కుకు అమరడానికి కొంత దూరం పట్టే మాట నిజమే. కానీ చక్రం వేడెక్కి కమురు వాసన వేస్తుంటే తిప్పేకొద్దీ అది ముదురుతుందే తప్ప తగ్గదు. వేడి ఆయిల్‌కు చేరితే అది మరిగి ఆవిరి బుడగలు పుడతాయి, అప్పుడు పెడల్ నేలకు దిగిపోతుంది. డాట్ 3 రకం కొత్త బ్రేక్ ఆయిల్ మరిగే ఉష్ణోగ్రతకు కనీస ప్రమాణం 205 డిగ్రీల సెల్సియస్, డాట్ 4కు 230 డిగ్రీలు. తేమ పీల్చుకున్న తర్వాత ఈ ప్రమాణాలు 140, 155 డిగ్రీలకు పడిపోతాయి. మన తీర ప్రాంతాల గాలిలో ఏళ్ల తరబడి మార్చని ఆయిల్ ఏ అంకెకు దగ్గరగా ఉంటుందో ఊహించుకోవచ్చు.

పట్టేస్తున్నది ఏ చక్రమో తేల్చండి

రద్దీ లేని రోడ్డు మీద బ్రేకును వీలైనంత తక్కువగా వాడుతూ ఎనిమిది, పది కిలోమీటర్లు నడిపి, వేగాన్ని తనంతట తగ్గనిచ్చి ఆపండి. డిస్కును ముట్టుకోకూడదు, అది చర్మం ఊడేంత వేడిగా ఉండవచ్చు. అరచేతి వెనుక భాగాన్ని చక్రానికి కొద్ది దూరంలో ఉంచితే ఏ వైపు సెగ ఎక్కువగా తగులుతోందో తెలుస్తుంది. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు ఉంటే ఇంకా మంచిది. అయితే మెరిసే లోహం మీద ఆ పరికరం అసలు వేడి కంటే తక్కువ చూపిస్తుంది కాబట్టి, అంకెను పట్టించుకోకుండా రెండు వైపులా ఒకే చోటుకు గురిపెట్టి తేడాను మాత్రమే చూడండి.

వేడెక్కిన చక్రాల లెక్కే సగం సమాధానం చెబుతుంది. ఒక్క చక్రమే వేడెక్కితే తప్పు ఆ చక్రం దగ్గరి ప్యాడ్లలోనో, పిన్నుల్లోనో, పిస్టన్‌లోనో, కాలిపర్‌కు ఆయిల్ తెచ్చే రబ్బరు హోస్ పైపులోనో ఉంటుంది. ముందు చక్రాలు రెండూ ఒకేలా వేడెక్కితే, రెండు వైపులా ఒకే రకమైన పొరపాటు జరిగి ఉండవచ్చు, లేదా పైన, పెడల్ తొక్కుడును ఆయిల్ ఒత్తిడిగా మార్చే మాస్టర్ సిలిండర్ దగ్గర ఒత్తిడి నిలిచి ఉండవచ్చు. ముందు చక్రాలతో నడిచే కార్లలో బ్రేకు గొట్టాలను ఎక్కువగా మూలకు మూల కలుపుతారు కాబట్టి, ముందు ఎడమ, వెనుక కుడి చక్రాలు కలిసి పట్టేస్తే మాస్టర్ సిలిండర్‌లోని ఒక గదిని అనుమానించాలి. నాలుగూ పట్టేస్తే పెడల్, తొక్కుడుకు బలం పెంచే బూస్టర్, లేదా కలుషితమైన ఆయిల్.

నిపుల్ పరీక్ష

అన్నిటికంటే ముఖ్యమైన అడుగు ఇదే. బండి పట్టేస్తున్న సమయంలోనే, అంటే వేడి మీదే కొన్ని బండ్లు పట్టేస్తాయి కనుక నడిపి వచ్చిన వెంటనే, అనుమానం ఉన్న చక్రాన్ని పైకి లేపి స్టాండు మీద నిలపండి. మరొకరిని పెడల్‌ను రెండు మూడు సార్లు గట్టిగా తొక్కి పూర్తిగా వదలమనండి. చక్రం బిగుసుకుని ఉందని చేత్తో నిర్ధారించుకున్నాక, కాలిపర్ మీది బ్లీడర్ నిపుల్‌కు గొట్టం తొడిగి, రెండో చివరను సీసాలో ఉంచి, కళ్లద్దాలు పెట్టుకుని, నిపుల్‌ను పావు చుట్టు వదులు చేయండి.

ఆయిల్ ఒక్కసారిగా చిమ్మి చక్రం వెంటనే తేలికైతే, ఒత్తిడి లోపల చిక్కుకుని ఉన్నట్టు. కాలిపర్‌కు దోషం లేదు. ఆయిల్ నెమ్మదిగా కారి, చక్రం మాత్రం అలాగే బిగుసుకుని ఉంటే, దోషం ఇనుము దగ్గర ఉంది: ప్యాడు, పిన్ను, పిస్టన్, ఈ మూడింటిలో ఏదో ఒకటి. నిపుల్‌ను బిగించిన తర్వాతే మళ్లీ పెడల్ తొక్కనివ్వండి. పెయింటు మీద ఆయిల్ పడితే వెంటనే నీళ్లతో కడగండి, లేకపోతే రంగు లేచిపోతుంది.

నిపుల్ పరీక్షలో చక్రం వదలకపోతే: ప్యాడ్ల కొసలు

ప్యాడ్లు మార్చిన తర్వాత వచ్చే ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం ఇక్కడే దొరుకుతాయి. కాలిపర్‌ను విప్పి, హోస్ పైపుకు వేలాడనివ్వకుండా తీగతో సస్పెన్షన్ స్ప్రింగుకు కట్టేయండి. ఈ చిన్న జాగ్రత్త తీసుకోకపోవడం వల్లే హోస్ లోపలి పొర చీలి, బ్రేకు పట్టేయడానికి కొత్త కారణం పుట్టిన సందర్భాలూ ఉంటాయి. తర్వాత ప్యాడ్లను, అవి కూర్చునే బ్రాకెట్ నుంచి తీయండి. వేలితో లాగితే రావాలి. స్క్రూడ్రైవరుతో పొడిచి, సుత్తితో తట్టి తీయవలసి వస్తే, వాటిని వెనక్కి తెచ్చే శక్తి పాపం ఆ రబ్బరు సీలుకు ఎక్కడిది?

ప్యాడు వెనుక ఇనుప పలకకు రెండు చివర్లా ఉండే కొసలు బ్రాకెట్‌లోని గాడుల్లో, పల్చని స్టీలు క్లిప్పుల మీద జారుతాయి. క్లిప్పు పైకి మెరుస్తూ కనిపించినా దాని అడుగున బ్రాకెట్ తుప్పు పొరలు పొరలుగా లేస్తుంది. ఆ పొర క్లిప్పును లోపలికి నెట్టడంతో గాడి ఇరుకైపోతుంది. పాత ప్యాడ్లు ఆ ఇరుకులోనే అరుగుతూ సర్దుకుని ఉంటాయి కాబట్టి అప్పుడు తెలియదు. సరైన కొలతతో వచ్చిన కొత్త ప్యాడును ఆ గాడిలో పెట్టినప్పుడు గాని అసలు సంగతి బయటపడదు. విశాఖపట్నం, కాకినాడ వంటి ఉప్పు గాలి తగిలే ఊళ్లలో తిరిగే బండ్లకు ఈ తుప్పు మరీ త్వరగా పడుతుంది.

అందుచేత క్లిప్పులన్నీ తీసేసి, గాడిని తీగ బ్రష్షుతో, అవసరమైతే ఆకురాయితో, శుభ్రమైన ఇనుము కనిపించేదాకా గీకండి. తుప్పునే తీయాలి, ఇనుమును అరగదీయకూడదు. ప్యాడ్లతోపాటు వచ్చిన కొత్త క్లిప్పులను పాతవి తీసిన తర్వాతే వేయాలి. పాత వాటి మీదే కొత్తవి ఎక్కించడం నమ్మశక్యం కాకపోయినా కొన్ని చోట్ల జరిగే పనే. ఆ తర్వాత ప్యాడును ఒట్టిగా పెట్టి చూడండి. వేలితో నెడితే జారాలి, వదిలితే గలగల ఊగకూడదు. ఇంకా బిగువుగా ఉంటే కొస మీద మందంగా పడిన పెయింటును ఆకురాయితో తేలిగ్గా తీయవచ్చు. గాడిని శుభ్రం చేయకుండా నేరుగా ప్యాడును ఆకురాయితో అరగదీయడం మొదలుపెట్టే అలవాటు కొందరు మెకానిక్కులకు ఉంది. ఆ బండి ఆ రోజుకు వదిలినట్టే కనిపిస్తుంది, అడుగున తుప్పు పెరిగేకొద్దీ మళ్లీ పట్టేస్తుంది.

లోపలి ప్యాడు, బయటి ప్యాడు తారుమారు కాలేదని కూడా చూడండి. కొన్ని మోడళ్లలో అరుగుదలను హెచ్చరించే రేకు ఉన్న ప్యాడు లోపలి వైపే రావాలి, కొన్నింటిలో వెనుక రేకుల ఆకారమే వేరు. చివరగా, కొసలు తాకే చోట బ్రేకు గ్రీజును గోటితో పూసినంత పల్చగా రాయండి; డిస్కుకు, ప్యాడు ముఖానికి చుక్క కూడా తగలకూడదు.

స్లైడ్ పిన్నులు

రెండు పిన్నులనూ బయటికి లాగి, పాత గ్రీజును పూర్తిగా తుడిచి, వంకరగా గాని తుప్పు గుంతలు పడి గాని ఉన్నాయేమో చూడండి. పిన్ను దూరే రంధ్రంలో గట్టిపడిన పాత జిడ్డును కూడా తీసేయాలి. బేరింగులకు పెట్టే మామూలు గ్రీజు ఇక్కడ వాడితే పిన్ను మీది రబ్బరు ఉబ్బిపోయి, కొన్ని వారాల తర్వాత పిన్ను కదలడం మానేస్తుంది. పిన్నులు మార్చి పెట్టడం మరో పొరపాటు. చాలా కాలిపర్లలో రెండు పిన్నులూ ఒకే రకం కావు, ఒకదాని కొసన రబ్బరు తొడుగు ఉంటుంది. ఏది పైన, ఏది కింద అన్నది మోడల్‌ను బట్టి మారుతుంది. విప్పుతున్నప్పుడు ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకుంటే ఈ సందేహమే రాదు.

గ్రీజు ఎక్కువైనా ఇబ్బందే. రంధ్రం అడుగున గ్రీజు, గాలి కలిసి చిక్కుకుంటే పిన్ను లోపలికి దిగకుండా వెనక్కి తన్నుతుంది. చేత్తో నెట్టి వదిలినప్పుడు పిన్ను తిరిగి బయటికి వస్తే, రబ్బరు తొడుగు అంచును కొద్దిగా ఎత్తి గాలిని పోనిచ్చి, మళ్లీ గాడిలో కూర్చోబెట్టండి.

పిస్టన్

బ్రేక్ ఆయిల్ డబ్బా అయిన రిజర్వాయర్‌లో ఆయిల్ మ్యాక్స్ గీతకు దగ్గరగా ఉంటే ముందుగా సిరంజితో కొంత తీయండి. ప్యాడ్లు అరుగుతున్నకొద్దీ మట్టం తగ్గడం సహజం. మధ్యలో సర్వీసులో ఎవరో ఆయిల్ పోసి ఉంటే, ఇప్పుడు పిస్టన్లను వెనక్కి నొక్కగానే అది పొంగి పొర్లుతుంది. ఆ తర్వాత పాత ప్యాడును పిస్టన్‌కు ఆనించి, సి క్లాంపుతో నెమ్మదిగా నొక్కండి. ఒకే రకమైన బరువుతో సాఫీగా లోపలికి వెళ్లాలి. విపరీతమైన బలం అవసరమైతే నిపుల్‌ను వదులు చేసి మళ్లీ నొక్కండి: ఇప్పుడు తేలికగా వెళ్తే పిస్టన్ బాగానే ఉంది, హోస్ మూసుకుపోయింది; ఇప్పుడూ వెళ్లకపోతే పిస్టన్ తుప్పు పట్టి ఇరుక్కుంది. పిస్టన్ చుట్టూ ఉన్న దుమ్ము తొడుగు చినిగి ఉంటే తుప్పుకు కారణం అదే. పిస్టన్ ఒంటి మీద గుంతలు లేకపోతే సీలు కిట్టుతో సరిపోతుంది, గుంతలుంటే కాలిపర్ మార్చవలసిందే.

నిపుల్ పరీక్షలో చక్రం వదిలితే: ఒత్తిడి ఎక్కడ చిక్కుకుంది?

హోస్ పైపు ఇనుప గొట్టాన్ని కలిసే చోట ఉన్న నట్టును, గొట్టపు నట్లకు వాడే పానాతో కొద్దిగా వదులు చేయండి. అక్కడ వదులు చేసినా చక్రం బిగుసుకునే ఉండి, నిపుల్ దగ్గర విప్పితేనే వదిలితే హోస్ చెడిపోయింది. లోపలి రబ్బరు పొర చీలి, బోరింగు పంపులో తోలు వాల్వు మాదిరిగా, తొక్కినప్పుడు ఆయిల్‌ను పోనిచ్చి వదిలినప్పుడు తిరిగి రానివ్వదు. బయటి నుంచి చూస్తే హోస్ కొత్తదానిలాగే ఉండవచ్చు. కాలిపర్ బిగించేటప్పుడు హోస్ ఒక మెలి పడిపోయిందేమో కూడా చూడండి. హోసులను రెండు వైపులా కలిపి మార్చడం, బోల్టు దగ్గర కొత్త రాగి వాషర్లు వేయడం మంచిది.

ఆ నట్టు దగ్గరే చక్రం వదిలితే వెతకవలసింది పైన. పెడల్ పూర్తిగా పైకి వచ్చినప్పుడు మాస్టర్ సిలిండర్‌లోని సన్నని రంధ్రం తెరుచుకుని ఆయిల్ రిజర్వాయర్‌కు తిరిగి వెళ్లాలి. పెడల్‌కు కొద్ది మిల్లీమీటర్ల ఖాళీ కదలిక కూడా లేకపోతే ఆ రంధ్రం మూసుకునే ఉంటుంది, తొక్కిన ప్రతిసారీ కొంత ఒత్తిడి పోగుపడుతుంది. వెనుక బ్రేకు లైట్లు పెడల్ వదిలినా వెలుగుతున్నాయా అన్నది తేలికైన ఆనవాలు. మాస్టర్ సిలిండర్‌నో బూస్టర్‌నో కూడా ఇదే సమయంలో మార్చి ఉంటే, వాటి మధ్య ఉండే కడ్డీ పొడవు ఎక్కువై ఉండవచ్చు. సిలిండర్‌ను బూస్టర్‌కు పట్టి ఉంచే రెండు నట్లను రెండు మూడు మిల్లీమీటర్లు వదులు చేసి ముందుకు లాగగానే చక్రాలు వదిలితే అదే కారణం. ఇది నిలబెట్టిన బండి మీద చేసే పరీక్ష మాత్రమే, నట్లు అలా వదిలి నడపకూడదు.

రిజర్వాయర్ మూత తీసి దాని రబ్బరును కూడా చూడండి. అది ఉబ్బి, మెత్తబడి ఉంటే ఎవరో ఇంజన్ ఆయిలో, పవర్ స్టీరింగ్ ఆయిలో పోశారు. అప్పుడు వ్యవస్థలోని రబ్బరు భాగాలన్నీ ఉబ్బి ఉంటాయి కాబట్టి ఆయిల్ మార్చినంత మాత్రాన సరిపోదు. సీళ్లు, హోసులు, మాస్టర్ సిలిండర్ అన్నీ మార్చాలి.

డిస్కు, వెనుక చక్రాలు

రాపిడి ఎడతెగకుండా కాక చుట్టుకొక్కసారి వినిపిస్తుంటే డిస్కు వంకరగా కూర్చుంది. డిస్కు కూర్చునే హబ్ ముఖం మీది తుప్పు పెచ్చును గీకి, డిస్కును శుభ్రం చేసి, తిరిగి పెట్టండి. డయల్ గేజీతో కొలిస్తే ఊపు సాధారణంగా 0.05 నుంచి 0.10 మిల్లీమీటర్లకు లోపు ఉండాలి. డిస్కు వెనుక ఉండే పల్చని దుమ్ము రేకు పని చేస్తున్నప్పుడు వంగి డిస్కును తాకినా గరగర శబ్దం వస్తుంది. దాన్ని చేత్తో వెనక్కి వంచితే చాలు. ఒకే కారులో ఇంజన్‌ను బట్టి, వేరియంట్‌ను బట్టి డిస్కు మందం మారుతుంది కాబట్టి, పిస్టన్ పూర్తిగా లోపలికి వెళ్లినా కాలిపర్ కొత్త ప్యాడ్ల మీద కూర్చోకపోతే తెచ్చిన సామాను మీ బండిది కాకపోవచ్చు.

వెనుక కూడా డిస్కులుండి, హ్యాండ్ బ్రేకు కాలిపర్‌లోనే ఉంటే, చాలా మోడళ్లలో పిస్టన్‌ను నేరుగా నొక్కకూడదు, తిప్పుతూ లోపలికి పంపాలి. పిస్టన్ ముఖం మీది గాడి ప్యాడు వెనుక బొడిపెకు సరిగ్గా ఎదురు రావాలి. పాత, అరిగిన ప్యాడ్లకు తగినట్టు బిగించిన హ్యాండ్ బ్రేకు కేబుల్‌ను ఇప్పుడు వదులు చేయాలి. ఎలక్ట్రిక్ పార్కింగ్ బ్రేకు ఉన్న కార్లను ముందుగా సర్వీసు మోడ్‌లో పెట్టకుండా ముట్టుకోవద్దు.

తిరిగి బిగించిన తర్వాత

కొత్త డిస్కు మీది తుప్పు నిరోధక జిడ్డును బ్రేక్ క్లీనర్‌తో తుడిచి, అన్నీ బిగించి, ఆయిల్ గొట్టాలు విప్పి ఉంటే గాలి తీసి, మట్టాన్ని మ్యాక్స్ గీతకు మించకుండా సరిచేయండి. బండిని కదిలించే ముందు పెడల్ గట్టిపడేదాకా పదే పదే తొక్కండి. వెనక్కి నొక్కిన పిస్టన్లు ప్యాడ్లను తాకేదాకా మొదటి తొక్కుడుకు బ్రేకే ఉండదు. చక్రం నట్లను మాన్యువల్‌లో చెప్పిన బిగువుకే టార్క్ పానాతో, ఎదురెదురుగా బిగించాలి. చిన్న కార్లకు అది సాధారణంగా 85 నుంచి 110 న్యూటన్ మీటర్ల మధ్య ఉంటుంది.

ఖాళీ రోడ్డు మీద గంటకు 50 కిలోమీటర్ల వేగం నుంచి 15కు, పూర్తిగా ఆపకుండా, మధ్యస్థమైన ఒత్తిడితో తగ్గించడం కొన్నిసార్లు చేసి, ప్రతిసారికీ మధ్య డిస్కులను చల్లబడనివ్వండి. ఆ తర్వాత బ్రేకు తక్కువగా వాడుతూ మొదట చేసిన పది కిలోమీటర్ల పరీక్షనే మళ్లీ చేసి, రెండు వైపుల వేడినీ పోల్చి చూడండి. తేడా కొద్ది డిగ్రీలకు తగ్గేదాకా తిరుమల, అరకు వంటి ఘాట్ రోడ్లు దిగే ప్రయాణం పెట్టుకోవద్దు. యాభై నుంచి వంద కిలోమీటర్లు తిరిగాక చక్రం నట్ల బిగువును, రిజర్వాయర్ మట్టాన్ని మరోసారి సరిచూసుకోండి.